గోల్ఫ్: బెంగళూరు చలి పొద్దుల్లో సెవెన్ ఐరన్ చాలట్లేదు, ఎన్ని క్లబ్బులు పెంచాలి?

పొట్టి_పుట్ (బెంగళూరు) · శనివారం, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్కారం. డిసెంబరు వచ్చిందంటే నాకు ఇదే గొడవ. పొద్దున ఆరున్నరకి టీ టైమ్, రెండో మూడో హోల్‌లో 150 యార్డుల పార్-3 (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్). మిగతా ఏడాదంతా ఆ దూరానికి సెవెన్ ఐరన్ తీస్తాను (నంబరు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది, క్లబ్ పెంచడమంటే సిక్స్ తీయడం), ఆలోచించేదేం లేదు. చలికాలంలో అదే క్లబ్, బాగా తగిలిందనుకున్న షాట్ కూడా ముందున్న బంకర్ (ఇసుక గుంట) అంచున పడుతోంది. తీరా తొమ్మిదింటికి బ్యాక్ నైన్‌లో (చివరి తొమ్మిది హోల్స్) అదే దూరం వస్తే సెవెన్ ఐరన్ మళ్ళీ హాయిగా గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మధ్యలో దిగుతుంది.

నెట్‌లో చూస్తే "పది డిగ్రీలకి ఒక క్లబ్ పెంచండి" అని ఒకరు, "రెండు యార్డులే తేడా" అని ఇంకొకరు. అవన్నీ అమెరికా వాళ్ళ లెక్కలు, పైగా ఫారన్‌హీట్. మనకి పొద్దున 15, మధ్యాహ్నం 28. దీనికి ఎంత పెంచాలి? ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళినప్పుడు అక్కడా ఆడుతుంటాను, అక్కడ లెక్క మళ్ళీ వేరేలా ఉంటోంది. ఎవరైనా కాస్త తేల్చి చెప్పండి.

---

గాలి_లెక్క (బెంగళూరు) · శనివారం, మధ్యాహ్నం 1:02

చలిగాలి బరువుగా ఉంటుంది, బంతిని ఎక్కువ అడ్డుకుంటుంది. ఇది నిజమే. కానీ ఎంత అన్నదే ప్రశ్న.

ఒక ఘనపు మీటరు గాలి ఎంత తూగుతుందో చూడండి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తు. ఇక్కడ మధ్యాహ్నం 28 డిగ్రీల్లో ఆ గాలి సుమారు 1.05 కిలోలు. పొద్దున 15 డిగ్రీల్లో సుమారు 1.10. అంటే నాలుగున్నర శాతం తేడా. ఈ తేడా వల్ల 150 యార్డుల ఐరన్ షాట్ మహా అయితే మూడు యార్డులు తగ్గుతుంది. డ్రైవర్‌కి (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే బంతి గాల్లో ఉండే వేగం, సమయం రెండూ ఎక్కువ.

మూడు యార్డులంటే పావు క్లబ్. మన మామూలు ఆటగాళ్ళకి ఐరన్‌కీ ఐరన్‌కీ మధ్య పది, పన్నెండు యార్డులు ఉంటుంది కదా. కాబట్టి మీ బంతి బంకర్లో పడుతోందంటే ఆ నేరం మొత్తం గాలి మీద వెయ్యడానికి వీల్లేదు.

---

పొట్టి_పుట్ · శనివారం, మధ్యాహ్నం 1:20

మరి మిగతా ఏడెనిమిది యార్డులు ఎవరు తిన్నారు సార్?

---

బోగీ_రాజు (బెంగళూరు) · శనివారం, మధ్యాహ్నం 1:24

శుక్రవారం రాత్రి పార్టీ తిన్నది 😄

---

గడ్డకట్టిన_గ్రిప్ (బెంగళూరు, ఇంతకుముందు చికాగో) · శనివారం, మధ్యాహ్నం 3:45

చికాగోలో చాలా ఏళ్ళు ఉండి వచ్చాను. అక్కడ అక్టోబరు చివర్లో పొద్దున నాలుగైదు డిగ్రీల్లో ఆడేవాళ్ళం. ఒక్కోసారి గడ్డి మీద మంచు గడ్డకట్టి, అది కరిగేదాకా కోర్సులోకి వదిలేవాళ్ళు కాదు. గడ్డకట్టిన గడ్డి మీద నడిస్తే ఆకు విరిగి చచ్చిపోతుంది, గ్రీన్ నిండా అడుగుల ముద్రలు మిగులుతాయి. ఫ్రాస్ట్ డిలే అంటే అదే. అందుకని మొదట నాకూ ఇక్కడి 15 డిగ్రీలు చలిలా అనిపించలేదు. కానీ దూరం మాత్రం ఇక్కడా తగ్గుతుంది, అందుకు పెద్ద కారణం మన ఒళ్ళే.

పొద్దున అయిదింటికి లేచి, కాఫీ తాగి, కారులో కూర్చుని, దిగి నేరుగా ఫస్ట్ టీ మీద నిలబడతాం. నడుము తిరగదు, భుజం తిరగదు. పైన స్వెటరు, దాని మీద విండ్‌చీటరు. బ్యాక్‌స్వింగ్ ముప్పావులో ఆగిపోతుంది, ఆ సంగతి మనకి తెలియదు. సెవెన్ ఐరన్‌తో క్లబ్ వేగం గంటకి ఒక మైలు తగ్గితే సుమారు రెండు యార్డులు పోతాయి. రెండు మూడు మైళ్ళు తగ్గడం ఏమంత కష్టం? అక్కడికే అయిదారు యార్డులు.

ఇంకోటి బంతి. లోపల ఉండేది రబ్బరు కోర్. చల్లబడితే బిగుసుకుంటుంది, క్లబ్ తగిలినప్పుడు నొక్కుకుని తిరిగి లేచే గుణం తగ్గుతుంది. రాత్రంతా బ్యాగ్ కారు డిక్కీలో, అదీ ఆరుబయట పార్కింగ్‌లో పడుంటే ఆ బంతి కోర్ దాకా చల్లబడి ఉంటుంది. పొద్దున అరగంట జేబులో పెట్టుకున్నంత మాత్రాన లోపలి వేడి పెరగదు, గోల్ఫ్ బంతి వేడెక్కడానికి గంటలు పడుతుంది. బ్యాగ్ ఇంట్లోకి తెచ్చుకోలేకపోతే బంతులైనా తెచ్చుకోండి. దీనితో ఒకటి రెండు యార్డులు మిగులుతాయి, ఖర్చు సున్నా.

గాలి మూడు, ఒళ్ళు అయిదు, బంతి ఒకటి రెండు. మొత్తం కలిపితే సరిగ్గా ఒక క్లబ్.

---

పాత_కాపు (బెంగళూరు) · శనివారం, సాయంత్రం 5:15

బాబూ, లెక్కలన్నీ బాగున్నాయి. నేల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పొద్దున ఆరున్నరకి ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య గడ్డి దారి) మీద నడిస్తే బూటు తడిసి సాక్సు దాకా నీరు ఎక్కుతుంది. అంత మంచు ఉంటుంది. ఆ మంచులో బంతి పడిన చోటే అతుక్కుంటుంది. ఏప్రిల్లో డ్రైవర్ పడ్డాక ఇరవై యార్డులు దొర్లేది ఇప్పుడు అయిదు దొర్లితే గొప్ప. అంటే మీ రెండో షాటే పదిహేను యార్డులు వెనక నుంచి మొదలవుతోంది. సెవెన్ ఐరన్ కొట్టాల్సిన చోట సిక్స్ వచ్చిందంటే సగం కారణం అక్కడుంది. చలికి సిక్స్ తీశానని మీరనుకుంటారు, నిజానికి దూరమే పెరిగింది.

పార్-3లో అయితే వేరే తంటా. ఎండాకాలం గ్రీన్ ముందు నాలుగైదు యార్డుల దూరంలో పడినా ఎగిరి లోపలికి వెళ్ళేది. ఇప్పుడు అక్కడే ఆగిపోతుంది. అందుకని పొద్దుటి పూట నేను జెండా దాకా దూరం చూడను, గ్రీన్ ముందు అంచు దాటి ఎంత క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) కావాలో అది చూస్తాను. ఆ సంఖ్యకి క్లబ్ తీస్తాను. మా క్యాడీ నాకంటే ముందే ఈ పని చేస్తాడు. నేను చెయ్యి చాపకముందే సెవెన్ మీద కవరు వేసేసి సిక్స్ పట్టుకుని నిలబడతాడు. ఎందుకని అడిగితే గడ్డి మీద కాలు రాసి, తడిసిన బూటు చూపిస్తాడు. అంతకుమించి మాట్లాడడు.

---

మెరీనా_మల్లిగన్ (చెన్నై) · శనివారం, రాత్రి 8:30

మీ బెంగళూరు వాళ్ళు 15 డిగ్రీలకే చలి అంటే ఊటీ వాళ్ళు నవ్వుతారు. మాకిక్కడ జనవరిలో తెల్లవారుజామున 21కి తగ్గితే వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకుంటారు 😀

సీరియస్‌గా అడుగుతున్నాను. చెన్నైలో బంతి తక్కువ పోతుందంటే గాలిలో తేమ ఎక్కువ కాబట్టే కదా? తేమ గాలి బరువు, బంతిని లాగేస్తుంది. మా గ్రూప్‌లో అందరూ ఇదే అంటారు. కాబట్టి పొట్టి_పుట్ గారు ఇక్కడికొస్తే చలికాలం లెక్కే పట్టుకోవాలి.

---

గాలి_లెక్క · శనివారం, రాత్రి 9:12

మల్లిగన్ గారూ, మీరు చెప్పిన ఫలితం సరైనదే, కారణం తలకిందులైంది.

తేమ ఉన్న గాలి పొడిగాలి కంటే తేలిక. నీటి ఆవిరి అణువు భారం 18, పొడిగాలి సగటు 29. గాలిలోకి ఆవిరి చేరినకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. కాబట్టి ఉక్కపోతలో బంతి ఒక పిసరు ఎక్కువే పోవాలి, ఆ తేడా ఒక యార్డు కూడా ఉండదు. ఉక్కలో బరువుగా అనిపించేది మన ఒంటికే.

చెన్నైలో బంతి తగ్గేది సముద్ర మట్టం వల్ల. పెద్ద బంతి కంపెనీ ఒకటి చెప్పిన సులువు సూత్రం ఉంది: ఎత్తు అడుగుల్లో తీసుకుని 0.00116తో గుణిస్తే ఎన్ని శాతం దూరం పెరుగుతుందో వస్తుంది. బెంగళూరు మూడు వేల అడుగులు, అంటే మూడున్నర శాతం. 150 యార్డులకి అయిదు యార్డులు. బెంగళూరులో నేర్చుకున్న దూరాలు చెన్నైలో మొదటి రోజే అయిదు యార్డులు కోత పడతాయి, డిసెంబరైనా మే నెలైనా.

ఇప్పుడు అసలు తమాషా. నాలుగు చోట్ల గాలి బరువు వరసగా పెట్టి చూడండి. చెన్నైలో 30 డిగ్రీల ఎండలో సుమారు 1.15 కిలోలు. బెంగళూరులో 15 డిగ్రీల చలిలో 1.10. బెంగళూరు మధ్యాహ్నం 1.05. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తు, అక్కడ అయిదు డిగ్రీల గజగజలో 0.97. మన చలి పొద్దుటి గాలి చెన్నై మండే మధ్యాహ్నం గాలి కంటే తేలిక. ఊటీలో పళ్ళు పటపటలాడే చలిలో గాలి బెంగళూరు ఎండ గాలి కంటే తేలిక. చలి అనగానే క్లబ్ పెంచేవాడు ఊటీలో గ్రీన్ వెనక చెట్లలో బంతి వెతుక్కోవాల్సి వస్తుంది.

---

బోగీ_రాజు · శనివారం, రాత్రి 9:20

ఊటీలో చెట్లలోకి వెళ్ళడానికి నాకు క్లబ్ పెంచాల్సిన అవసరం లేదు.

---

నీలగిరి_నైన్ (బెంగళూరు) · ఆదివారం, ఉదయం 10:40

ఊటీ జింఖానాలో, అటు వెల్లింగ్టన్‌లో చలికాలంలో ఆడుతుంటాను. గాలి_లెక్క గారు చెప్పింది కోర్సులో కనబడుతుంది, కానీ పూర్తిగా కాదు. అక్కడ పొద్దున నేల మీద తెల్లగా గడ్డకట్టిన మంచు ఉంటుంది. చేతి వేళ్ళు కొంకర్లు పోతాయి. స్వింగ్ సగమే వస్తుంది. గాలి పది యార్డులు ఇస్తే ఒళ్ళు పది యార్డులు లాగేసుకుంటుంది. అందుకని తొమ్మిది దాకా క్లబ్ మార్చను, బెంగళూరులో ఏది కొడతానో అదే. ఎండ ఎక్కి స్వెటర్ తీశాక మాత్రం ఒక క్లబ్ తగ్గించాల్సిందే.

ఒక హెచ్చరిక: పల్చటి గాలిలో స్పిన్ అంత గట్టిగా పట్టదు. బంతి ఎత్తుకి లేవదు, స్లైస్ (పక్కకి వంగిపోయే షాట్) కూడా తక్కువ వంగుతుంది. స్లైస్ తగ్గిందని మురిసిపోయి కింద మైదానానికి వచ్చాక ఏడవకండి.

---

హైబ్రిడ్_అక్క (బెంగళూరు) · ఆదివారం, ఉదయం 11:55

ఇంతమంది ఎన్ని క్లబ్బులు పెంచాలనే మాట్లాడుతున్నారు. ఏ రకం క్లబ్ అన్నది కూడా చూడాలి కదా?

చలి పొద్దున లాంగ్ ఐరన్ సన్నగా తగిలిందంటే చేతుల్లోంచి మోచేతి దాకా జివ్వుమంటుంది. ఆ నొప్పి ఒక్కసారి తెలిశాక తర్వాతి స్వింగ్‌లో చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గుతుంది. పైగా స్వింగ్ వేగం తగ్గిన రోజున లాంగ్ ఐరన్ అసలు పైకి లేవదు. నేను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫోర్, ఫైవ్ ఐరన్లు రెండూ తీసేసి హైబ్రిడ్లు (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్బులు) పెడతాను. బరువు కింద, వెనక ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ తగిలినా బంతి లేస్తుంది. పద్నాలుగు క్లబ్బుల పరిమితి ఎలాగూ ఉంది, కాబట్టి కాలాన్ని బట్టి బ్యాగ్ మార్చుకోవడమే తెలివి.

హైబ్రిడ్ అంటే మగాళ్ళు కొందరు ముఖం చిట్లిస్తారు. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్‌ని చూడండి. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, పతకం ఒక్క స్ట్రోక్‌లో పోయింది. తోటివాళ్ళు ఐరన్ కొట్టే చోట ఆవిడ హైబ్రిడ్, ఫెయిర్‌వే వుడ్ తీస్తుంది, ఆ తర్వాత పుట్టర్‌తో అందరినీ ఏడిపిస్తుంది. పొడుగు కొట్టకపోతే పొడుగు క్లబ్ తీయాలి, అంతే. చలికాలంలో మనందరం కాస్త పొట్టిగా కొట్టేవాళ్ళమే.

బంతి గురించి కూడా ఒక మాట. కంప్రెషన్ తక్కువున్న మెత్తటి బంతి చలిలో చేతికి హాయిగా ఉంటుంది, రాయి కొట్టినట్టు ఉండదు. దూరం పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. నాకైతే తేడా తగిలిన అనుభూతిలోనే కనబడింది.

---

గడ్డకట్టిన_గ్రిప్ · ఆదివారం, మధ్యాహ్నం 12:30

అక్క చెప్పినదానికి నా ఓటు. డ్రైవర్‌లో లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) మార్చుకునే స్క్రూ ఉన్నవాళ్ళు చలికాలం ఒక డిగ్రీ పెంచి చూడండి. నేల మీద దొర్లుడు లేనప్పుడు కిందగా పోయే బంతి వల్ల లాభం లేదు, గాల్లోనే దూరం తెచ్చుకోవాలి. టూర్ ఆటగాడిలా 9 డిగ్రీల డ్రైవర్ పట్టుకుని తడి ఫెయిర్‌వే మీద పాకించే వాళ్ళని మా క్లబ్‌లో బోలెడు మందిని చూస్తుంటాను.

---

పొట్టి_పుట్ · ఆదివారం, మధ్యాహ్నం 2:05

చాలా విషయాలు తెలిశాయి. ఇంకో సందేహం. ప్రాక్టీస్ రేంజ్‌లో లాంచ్ మానిటర్ (షాట్ దూరం లెక్కగట్టే మెషీన్) మీద పొద్దున్నే కొట్టినా నాకు సెవెన్ ఐరన్ 150 అనే చూపిస్తుంది. కోర్సులో మాత్రం 140. మెషీన్ తప్పా?

---

గాలి_లెక్క · ఆదివారం, మధ్యాహ్నం 2:40

మెషీన్ తప్పు కాకపోవచ్చు, సెట్టింగ్ చూడండి. చాలా లాంచ్ మానిటర్లలో "నార్మలైజ్" అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అప్పటి చలి, గాలి అన్నీ పక్కన పెట్టి, ముందే పెట్టిన ఒక ఉష్ణోగ్రత, ఒక ఎత్తుకి ఆ షాట్ ఎంత పోయేదో లెక్కగట్టి చూపిస్తుంది. షాట్‌లని పోల్చుకోవడానికి అది మంచిదే. రేపు పొద్దున క్లబ్ ఎంచుకోవడానికి పనికిరాదు. రేంజ్ వాళ్ళని అడిగి అది ఆఫ్ చేయించి, అక్కడి ఎత్తు, ఉష్ణోగ్రత ఇచ్చి కొట్టి చూడండి.

ఇంకో సంగతి, మెషీన్ ముందు కొట్టేటప్పుడు మీకది ముప్పయ్యో బంతి. అప్పటికి ఒళ్ళు కాగి ఉంటుంది. కోర్సులో పార్-3 దగ్గరికి మీరు కొట్టింది పది షాట్లు కూడా ఉండవు. గ్రిప్ గారి మాట మళ్ళీ చదవండి.

---

నిబంధనల_నాయుడు (బెంగళూరు) · ఆదివారం, సాయంత్రం 4:18

మెంబర్లు జాగ్రత్త. బంతి వెచ్చబెట్టుకునే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రూల్ 4.2ఎ ప్రకారం బంతి గుణం మారేలా కావాలని గీకడం, వేడి చెయ్యడం, దానికి ఏదైనా పూయడం నిషేధం. అలాంటి బంతితో షాట్ కొడితే డిస్‌క్వాలిఫై, రెండు స్ట్రోకులతో పోదు. హ్యాండ్ వార్మర్ చేతులు వెచ్చబెట్టుకోవడానికి వాడచ్చు. అదే జేబులో బంతి కూడా వేసి వేడి చేస్తున్నారంటే మాత్రం మెడకి చుట్టుకుంటుంది. రాత్రి బంతులు ఇంట్లో ఉంచుకోవడంలో ఇబ్బంది లేదు, గది వేడి ఎవరికైనా ఉండేదే.

క్లబ్ ఎంపిక దగ్గర జనం ఎక్కువగా దొరికిపోయేది ఇంకో చోట. పార్-3 టీ మీద పక్కవాడు కొట్టాక "ఏం తీశావ్?" అని అడగడం. పోటీలో అది సలహా అడగడమే, రూల్ 10.2, స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు. మీ క్యాడీని ఎన్నైనా అడగండి. పక్కవాడి బ్యాగ్‌లోకి తొంగి చూడచ్చు, తువ్వాలు ఎత్తి చూడకూడదు.

ఉష్ణోగ్రత కొలవచ్చు, వాతావరణ సూచన ఫోన్‌లో చూడచ్చు. కోర్సు మీద గాలి వేగం పరికరంతో కొలవకూడదు. రేంజ్‌ఫైండర్‌లో ఎత్తుపల్లాలు కలిపి దూరం చెప్పే బటన్, క్లబ్ సూచించే ఫీచర్ పోటీలో ఆపేసి ఉండాలి.

---

బోగీ_రాజు · ఆదివారం, సాయంత్రం 4:25

ఆదివారం యాభై రూపాయల పందెం ఆటకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా నాయుడు గారూ?

---

నిబంధనల_నాయుడు · ఆదివారం, సాయంత్రం 4:31

యాభై రూపాయలకే ఎక్కువ గొడవలు అవుతాయి.

---

వెడ్జ్_వీరుడు (బెంగళూరు) · ఆదివారం, రాత్రి 7:50

దూరం కొట్టే క్లబ్బుల గురించి అయిపోయింది, ఇక వంద యార్డుల లోపల సంగతి. చలి పొద్దున నాకు ఎక్కువ షాట్లు పోయేది అక్కడే.

బంతికీ క్లబ్ ముఖానికీ మధ్య మంచు నీరు చేరితే గ్రూవ్స్ (ముఖం మీది గాట్లు) పట్టవు. స్పిన్ పడిపోతుంది. వెడ్జ్‌తో (దగ్గరి షాట్ల క్లబ్) అయితే బంతి ముఖం మీద జారి ఎత్తుగా లేచి పొట్టిగా పడుతుంది. ఎయిట్, నైన్ ఐరన్లతో అయితే ఫ్లైయర్ (స్పిన్ లేక అనుకున్నదానికంటే దూరం పోయే షాట్) అయ్యి, తడి గ్రీన్ మీద కూడా ఆగకుండా జర్రున జారిపోతుంది. ఒకే పొద్దున ఒక షాట్ పొట్టి, ఇంకోటి పొడుగు. అప్పుడు చలి అనో గాలి అనో తిట్టుకుంటాం.

నేను చేసేది ఇది. రెండు తువ్వాళ్ళు తెచ్చుకుంటాను. బ్యాగ్‌కి వేలాడేది ఎలాగూ తడిసి ముద్దవుతుంది, దానితో మట్టి తుడుస్తాను. రెండోది బ్యాగ్ లోపలి జేబులో మడిచి పెట్టి ఉంటుంది, అది షాట్‌కి ముందు క్లబ్ ముఖం మీద ఒక్కసారి పామడానికి. గ్రూవ్స్ వెంబడి అడ్డంగా తుడవాలి, నిలువుగా తుడిస్తే గడ్డి పోచ గాట్లోనే మిగులుతుంది. ప్రాక్టీస్ స్వింగ్ గడ్డికి తగలకుండా పైపైన చెయ్యండి, లేదంటే తుడిచిందంతా వృథా.

ఫెయిర్‌వే మీద తడి ఉంటే పూర్తి వెడ్జ్ కొట్టను. పిచింగ్ వెడ్జ్ బదులు నైన్ ఐరన్ తీసి, గ్రిప్ ఒక అంగుళం కిందకి పట్టుకుని, ముప్పావు స్వింగ్. అది ఎప్పుడూ ఒకే దూరం పోతుంది. గ్రీన్ మీద కూడా అంతే, మంచు ఆరేదాకా పుట్ గట్టిగా కొట్టాలి. బంతి వెళ్ళిన దారి తెల్లటి గడ్డిలో పచ్చగా గీతలా కనబడుతుంది, ముందు పుట్ చేసినవాడి గీత చూసి వంపు తెలుసుకోవచ్చు. మొదటి గ్రూపులో ఆడేవాళ్ళకి ఆ అదృష్టం లేదు.

---

హైబ్రిడ్_అక్క · ఆదివారం, రాత్రి 8:15

వీరుడు గారి ముప్పావు స్వింగ్ మాట బంగారం. నేను దాన్ని అన్ని ఐరన్లకీ వర్తింపజేస్తాను. ఒక క్లబ్ పెంచి మెల్లగా కొట్టడం, అదే క్లబ్‌తో బలంగా బాదడం, ఈ రెంటిలో రెండోది చలిలో నడుము పట్టేయడానికి దగ్గరి దారి.

---

పాత_కాపు · ఆదివారం, రాత్రి 8:40

నేను ఇక్కడ కొంచెం విభేదిస్తాను. అందరూ కళ్ళు మూసుకుని క్లబ్ పెంచేస్తున్నారు. మన కోర్సుల్లో చాలా గ్రీన్లు వెనక ఎత్తు, ముందు పల్లం. జెండా దాటి వెనక పడితే కిందకి వచ్చే పుట్ చలిలో అయినా భయమే. ముందు బంకర్ లేని హోల్ అయితే సెవెనే కొట్టి, పొట్టిగా పడనిచ్చి, చిప్ (గ్రీన్ బయట నుంచి చిన్న షాట్) చేసుకోవడమే మేలు. క్లబ్ పెంచేది ముందు నీళ్ళో ఇసుకో ఉన్నప్పుడు.

---

గడ్డకట్టిన_గ్రిప్ · ఆదివారం, రాత్రి 9:05

కాపు గారూ, మీ చిప్ బాగుంటుంది కాబట్టి మీకలా చెల్లుతుంది. తడి గడ్డిలో చిప్ కొట్టమంటే మాలాంటివాళ్ళు బంతి వెనక నేలలో రెండంగుళాలు దిగబెడతాం. నాకు పొడుగు పుట్టే నయం.

---

పాత_కాపు · ఆదివారం, రాత్రి 9:11

అయితే చిప్ నేర్చుకో బాబూ, క్లబ్ ఎందుకు మారుస్తావ్.

---

నీలగిరి_నైన్ · సోమవారం, ఉదయం 9:30

మధ్యలో ఒక పిట్టకథ. బెంగళూరులో రికార్డు చలి 1884 జనవరి 13న, 7.8 డిగ్రీలు. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ పుట్టింది 1876లో. అంటే క్లబ్ అప్పటికే ఉంది. అప్పట్లో బంతి గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసేవాళ్ళు, చలికి పెళుసెక్కి ఒక్కోసారి షాట్‌కి రెండు ముక్కలయ్యేది. రబ్బరు దారం చుట్టిన బంతి అమెరికాలో 1898లో గానీ రాలేదు. ఆ జనవరి పొద్దున ఎవరైనా దొర టీ మీద నిలబడ్డాడో లేదో గానీ, నిలబడి ఉంటే సెవెన్ ఐరన్ చాలలేదని మాత్రం బాధపడి ఉండడు. ఆ రోజుల్లో క్లబ్బులకి నంబర్లే లేవు.

---

పొట్టి_పుట్ · సోమవారం, మధ్యాహ్నం 1:15

అందరి మాటలూ కలిపి నేను ఇలా రాసుకున్నాను, తప్పుంటే దిద్దండి. పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా ఐరన్లన్నీ ఒక క్లబ్ పైకి, ముప్పావు స్వింగ్, జెండా బదులు ముందు అంచు క్యారీ చూడటం. స్వెటర్ తీసి, గడ్డి ఆరిన హోల్ నుంచి మళ్ళీ మామూలు లెక్క. చెన్నైలో ఏ నెలైనా సగం క్లబ్ పైకి. ఊటీ వెళ్తే ఎండ ఎక్కాక ఒకటి కిందకి. బంతులు రాత్రి ఇంట్లో.

టైమ్ చూసి మార్చాలా, హోల్ చూసి మార్చాలా అన్నది ఇంకా తేలలేదు.

---

గాలి_లెక్క · సోమవారం, మధ్యాహ్నం 1:50

టైమ్ కంటే గడ్డి చూడండి. పొగమంచు పట్టిన రోజు పది దాటినా నేల ఆరదు, గాలి వీచిన రోజు ఏడున్నరకే ఆరిపోతుంది. చెట్ల నీడలో ఉన్న హోల్ వేరు, బయట ఎండలో ఉన్న హోల్ వేరు. ఒళ్ళు మాత్రం అయిదో హోల్‌కల్లా కాగిపోవాలి. అప్పటికీ కాగలేదంటే బగ్గీ దిగి నడవండి.

---

మెరీనా_మల్లిగన్ · సోమవారం, సాయంత్రం 6:20

చెన్నైలో సగం క్లబ్ లెక్క సముద్రపు గాలి లేచేదాకానే. మధ్యాహ్నం తూర్పు నుంచి గాలి మొదలైందంటే ఒకటిన్నర క్లబ్ కూడా చాలదు. పొద్దున్నే ఆడండి, మీకు మావైపు చలి కూడా ఉండదు.

---

తీరం_టీ (విశాఖ) · సోమవారం, రాత్రి 9:02

నేను ఈస్ట్ పాయింట్‌లో ఆడతాను. వచ్చే నెల ఆఫీసు టోర్నమెంట్‌కి మొదటిసారి బెంగళూరు వస్తున్నాను, ఏడు గంటల షాట్‌గన్ స్టార్ట్ (అన్ని గ్రూపులూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెట్టడం). సముద్ర మట్టం దూరాలతో వచ్చేవాడు చలి పొద్దున ఏం చెయ్యాలి? పెంచాలా, తగ్గించాలా?

---

గాలి_లెక్క · సోమవారం, రాత్రి 9:30

ఏమీ మార్చకండి. ఎత్తు మీకు అయిదు యార్డులు ఇస్తుంది, చలిగాలీ చల్లటి బంతీ కలిసి దాదాపు అంతే పట్టుకుపోతాయి. ఒళ్ళు కాగడానికి అరగంట ముందు వచ్చి రేంజ్‌లో కొట్టుకోండి. మీ అసలు ఇబ్బంది పదింటికి మొదలవుతుంది. ఎండ ఎక్కాక సెవెన్ తియ్యాల్సిన చోట ఎయిట్ తియ్యడానికి మీకు ధైర్యం కావాలి.

---

తీరం_టీ · సోమవారం, రాత్రి 9:34

షాట్‌గన్ కాబట్టి నాకు ఏ హోల్ వస్తుందో తెలియదు. మొదటిదే పొడుగు పార్-3 వస్తే?

---

హైబ్రిడ్_అక్క · సోమవారం, రాత్రి 9:41

హైబ్రిడ్ తియ్యండి తమ్ముడూ, గ్రీన్ మధ్యకి కొట్టండి. హ్యాండ్ వార్మర్ లేకపోతే నా దగ్గర ఒకటి ఎక్కువుంది, రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అడగండి.